మీల్స్ తిన్నాక కబుర్లకు కూర్చోవచ్చా, లేచిపోవాలా?

నల్లకుంట_నాని
డిగ్రీ నాటి స్నేహితులం నలుగురం నెలకోసారి మధ్యాహ్న భోజనానికి కలుస్తాం. మా పేటలోనే ఓ చిన్న మీల్స్ హోటల్, పేరు వద్దులెండి, వంట బాగుంటుంది కాబట్టే ఇన్నాళ్ళుగా అక్కడికే వెళ్తున్నాం. మొన్న శనివారం ఒంటిగంటకు కూర్చున్నాం. పెరుగన్నం అయ్యాక మావాడు వాళ్ళ నాన్నగారి ఆపరేషన్ సంగతి చెప్తున్నాడు, అది మధ్యలో ఉండగానే సప్లయర్ వచ్చి గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చి పట్టుకుపోయాడు, ఇంకో కుర్రాడు మేం కూర్చుని ఉండగానే తడిగుడ్డతో టేబుల్ తుడవడం మొదలెట్టాడు, ఆ నీళ్ళు నా ఫోన్ కిందకి పాకాయి. బిల్లు మేం అడగలేదు, అదీ వచ్చేసింది. చివరికి కౌంటర్లో పెద్దమనిషి కూర్చున్నచోటు నుంచే "సార్, వెనక వాళ్ళు నిలబడ్డారు" అని అరిచాడు, హాలంతా మా వైపు తిరిగింది. డబ్బిచ్చి తిన్నాం, ఎవరూ ఊరికే పెట్టలేదు. తిన్నాక ఓ ఇరవై నిమిషాలు మాట్లాడుకుంటే తప్పా? నా దృష్టిలో కాదు. మీరేమంటారు?

మెస్సోడు
తప్పే. మాకు రాజమండ్రిలో మెస్సుంది, నాన్న వంట చూస్తారు, సెలవులకి వెళ్తే కౌంటర్లో నేనే, కాబట్టి ఆ అరిచిన పెద్దమనిషి తరఫున నేను మాట్లాడతాను. మీల్స్ హోటల్ బతికేది పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు. పొద్దున ఐదింటికి కూరగాయలు తెచ్చినా, గ్యాస్ బండకి డబ్బు కట్టినా, ఎనిమిది మందికి జీతాలిచ్చినా అదంతా ఆ రెండు గంటల్లోనే రావాలి. అన్నం ఎన్నిసార్లు వేయించుకున్నా మాకు బాధ లేదు, ఇంకాస్త వేయించుకోండి అని మేమే అడుగుతాం. మాకు కరువైంది అన్నం కాదు, కుర్చీ. ఎంగిలి చెయ్యి ఎండిపోయి, మెతుకులు వేళ్ళకి అట్టకట్టేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళని చూస్తూ కౌంటర్లో కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు తెలీదు. అలా అని అరవడం మాత్రం మర్యాద కాదు, నాన్నైతే వచ్చి చెవిలో చెప్తారు.

లెక్కల_మాస్టారు
ఇది మర్యాద సమస్య కాదు, లెక్క. ఉదాహరణకి నలభై కుర్చీల హాలు అనుకోండి. మనిషి ఇరవై అయిదు నిమిషాల్లో తిని లేస్తే రెండు గంటల్లో దాదాపు ఐదు బంతులు లేస్తాయి, అంటే రెండొందల మంది. అదే అందరూ నాని గారిలా ఇంకో ఇరవై నిమిషాలు కూర్చుంటే మూడో బంతి పూర్తిగా లేవకుండానే రెండున్నర. భోజనం నూట ఇరవై అనుకుంటే పోయింది ఎంతో మీరే వేసుకోండి. పైగా వెనక నిలబడ్డవాడికి ఆఫీసులో లంచ్ టైమ్ గంటే ఉంటుంది, అందులో సగం మీ కుర్చీ వీపు పట్టుకుని గడిపాడు పాపం.

నల్లకుంట_నాని
మాస్టారూ, అందరూ కూర్చుంటే అని లెక్క వేశారు, అందరూ కూర్చోరు కదా. ఆ రోజు హాల్లో కూర్చున్నది మేం ఒక్క టేబుల్. అయినా టేబుల్ మీద మాకేమీ హక్కు లేకపోతే పెద్ద రెస్టారెంట్లలో సర్వీస్ ఛార్జ్ అని ఎందుకు లాగుతున్నారు? ఆ కుర్చీకే కదా?

వినియోగదారుడు_77
రెండు వేరు విషయాలు కలిపేశారు. సర్వీస్ ఛార్జ్ ఎవరూ బలవంతంగా తీసుకోకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే మార్గదర్శకాలిచ్చింది, దాని మీద రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే 2025 మార్చిలో కోర్టు వాళ్ళ పిటిషన్లు కొట్టేసింది. బిల్లులో వేసినా తీసేయమని అడగొచ్చు. కాబట్టి అది కుర్చీ అద్దె అనుకుని కట్టాల్సిన పని లేదు. మీల్స్ హోటళ్ళలో అసలు అది ఉండదు కూడా.

మెస్సోడు
మా బిల్లులో జీఎస్టీ కూడా ఉండదండీ. మాది కాంపొజిషన్ స్కీమ్, టర్నోవర్ కోటిన్నర లోపు ఉన్న చిన్న హోటళ్ళకి అది దొరుకుతుంది, అయిదు శాతం మా జేబులోంచి కట్టాలి, కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. బోర్డు మీద రాసిన రేటే రేటు. అందులో కుర్చీ, ఫ్యాను, చెయ్యి కడిగే నీళ్ళు, సోంపు అన్నీ వచ్చేశాయి. కబుర్లు రాలేదు 🙂

ఖారా_బిస్కెట్
మీ ఆంధ్రా మీల్స్ హోటళ్ళతోనే ఈ గొడవ. మా హైదరాబాద్‌లో ఇరానీ హోటల్ అంటేనే కూర్చునే చోటు. చలువరాతి పలక వేసిన టేబుళ్ళు, వంపు చెక్క కుర్చీలు, ఒక చాయ్, రెండు ఖాళీ సాసర్లు, వన్ బై టూ చెప్పి ముగ్గురు తాగేవాళ్ళం, ఎవడూ లెమ్మనేవాడు కాదు. యజ్ద్ నుంచి బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీలు మొదలుపెట్టిన అలవాటది, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళు, కవులు, బ్రోకర్లు, పనీపాటా లేనివాళ్ళు అందరికీ అదే ఆఫీసు. మధ్యాహ్నం ఆబిడ్స్‌లోనో సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగానో బిర్యానీ తిని, పైన చాయ్ చెప్పి, ఆ రెండో చాయ్ చల్లారేదాకా కూర్చోవడమే లంచ్ అంటే. తిని లేవడానికైతే ఇంట్లోనే తినొచ్చు.

లెక్కల_మాస్టారు
మరి ఆ ఇరానీ హోటళ్ళు ఎన్ని మిగిలాయి బ్రదర్? మూల మీద ఉన్న షాపు, పెద్ద హాలు, ఆ అద్దెకి ఒక చాయ్ మీద రెండు గంటలు ఎవడు కూర్చోనిస్తాడు. చాలావాటిలో కుర్చీలు తీసేసి నిలబడి తాగే ఎత్తు బల్లలు పెట్టారు. చార్మినార్ పక్కన నిమ్రాలో చూడండి, చాయ్, బిస్కెట్, కదలండి. బెంగళూరు వాళ్ళు ఎనభైల్లోనే దర్శినులని నిలబడి తినే హోటళ్ళు పెట్టి ఈ పంచాయితీ మొదట్లోనే తేల్చేశారు.

ఖారా_బిస్కెట్
అదేనన్నా నా బాధ కూడా. కూర్చోనిచ్చేవాడు మూసేసుకున్నాడు, కూర్చోనివ్వనివాడు మూడు బ్రాంచీలు పెట్టాడు. దాన్ని న్యాయం అనమంటే ఎలా?

ఫ్రిస్కో_మామ
ఇక్కడ అమెరికాలో మా వైపు టేబుల్ దగ్గరికి వచ్చి ఆర్డర్ తీసుకునే చోట బిల్లు మీద 18, 20 శాతం టిప్ మామూలైపోయింది, సర్వర్ సంపాదన చాలావరకు ఆ టిప్పే, కాబట్టి మనం ఎక్కువసేపు కూర్చుంటే పైకి నవ్వుతూనే ఉంటారు గానీ అవతల వాళ్ళ డబ్బు పోతుంటుంది. కొన్నిచోట్ల గంటన్నరే అని రిజర్వేషన్ అప్పుడే చెప్పేస్తారు. మన తెలుగువాళ్ళ బిర్యానీ హోటళ్ళలో ఆదివారం మధ్యాహ్నం మాత్రం అచ్చం మన ఊరే, పిల్లల్ని ఎత్తుకుని కుర్చీ వెనక నిలబడి మన ప్లేట్‌లో ఎంత మిగిలిందా అని చూస్తుంటారు.

ఢిల్లీ_బాబాయ్
కుర్చీ వెనక నిలబడటం అంటే మా ఏపీ భవన్ క్యాంటీన్ గుర్తొచ్చింది. టోకెన్ పుచ్చుకుని లోపలికి వెళ్ళాక నీ సీటు నువ్వే చూసుకోవాలి, చూసుకున్నాక కూడా నీ సాంబారన్నం దగ్గరే పక్కవాడు బస్సులో కర్చీఫ్ వేసినట్టు టేబుల్ మీద తాళాలు పెట్టేస్తాడు. తెలుగువాళ్ళ కంటే పంజాబీలే ఎక్కువ, పప్పు మీద నెయ్యి వేసుకుని ఆ గోంగూర పచ్చడి తినడం చూడాలి. అక్కడ ఎవరూ బాధపడరు, ఎందుకంటే అందరికీ ముందే తెలుసు, అది తినే చోటు. నాని గారి స్నేహితులు తప్పు చేశారని కాదు, తప్పు చోటు ఎంచుకున్నారు. ఆపరేషన్ సంగతి చెప్పుకోవాలంటే మీల్స్ అయ్యాక బయట కిళ్ళీ కొట్టు ఉంటుంది, అక్కడ నిలబడి గంటసేపు మాట్లాడుకోండి, ఎవడాపాడు.

బెజవాడ_సుజి
బాబాయ్ గారూ, కిళ్ళీ కొట్టు దగ్గర మీరు నిలబడగలరు, మేం నిలబడగలమా? ఇంతసేపూ చదువుతున్నాను, ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు. మగవాళ్ళకి తిన్నాక టీ బండి ఉంది, బైకుల మీద కూర్చుని మాట్లాడుకునే సందు చివర ఉంది, ఏమీ లేకపోతే రైతు బజారు గేటు దగ్గరైనా సరిపోతుంది. మేం ముగ్గురం స్నేహితురాళ్ళం కలవాలంటే ఎవరింట్లో కలిసినా ఆ ఇంటావిడ వంటగదిలోనే ఉంటుంది, అత్తగారు హాల్లో ఉంటారు, ఇంక మాట్లాడేదేముంది. అందుకని హోటల్. పోనీ రద్దీ లేనప్పుడు మూడింటికి రండి అంటారు, మూడున్నరకి స్కూల్ వదులుతారు, ఆటో వచ్చేసరికి నేను గేటు దగ్గర ఉండాలి. మాకు దొరికేదే ఆ పన్నెండున్నర నుంచి రెండున్నర. మీ రద్దీ టైమూ మా ఖాళీ టైమూ ఒకటే అయితే మేమెక్కడికి పోవాలి? ఏసీ కేఫులున్నాయిగా అనకండి, అక్కడ ఒక్క కాఫీ రేటుకి ఇక్కడ కూరలు, పప్పు, చారు, పెరుగుతో ఒక మనిషి కడుపు నిండుతుంది. అది కూడా ప్రతి నెలా ఇంట్లో లెక్క చెప్పే డబ్బు.

ఖారా_బిస్కెట్
అక్కా, పాయింటే. ఇరానీ హోటళ్ళ గురించి అంత చెప్పాను గానీ నేను చూసిన కాలంలో ఆ హాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువ. కొన్నిచోట్ల ఫ్యామిలీ క్యాబిన్ అని ఓ మూల కర్టెన్ కట్టి ఉండేది, అంతే.

లెక్కల_మాస్టారు
సుజి గారూ, మీ కష్టం నిజమే, కాదనను. కానీ ఊళ్ళో ఆడవాళ్ళకి కూర్చునే చోటు లేకపోవడం కార్పొరేషన్ తప్పు, పార్కుల తప్పు, ఇళ్ళలో మగవాళ్ళ తప్పు. ఆ బరువంతా తీసుకెళ్ళి నలభై కుర్చీల హోటల్ వాడి నెత్తిన పెడితే ఎలా?

బెజవాడ_సుజి
నేను పెట్టట్లేదు మాస్టారూ. నూట ఇరవై బదులు నూట యాభై తీసుకోమనండి, గంటన్నర అని ముందే బోర్డు పెట్టమనండి, ఇచ్చేస్తాం. తడిగుడ్డ తెచ్చి మొహం మీద తుడవడం మాత్రం వద్దు. మే నెలలో విజయవాడ పార్కులో మధ్యాహ్నం ఒంటిగంటకు మీరొకసారి కూర్చుని చూడండి, తర్వాత కార్పొరేషన్ గురించి మాట్లాడుకుందాం.

నల్లకుంట_నాని
బోర్డు ఐడియా నాకు నచ్చింది. నన్ను మండించింది లేవమనడం కాదు, హాలంతా వినేలా అరవడం. ముందే తెలిస్తే మావాడు ఆపరేషన్ సంగతి పప్పన్నంతోనే మొదలెట్టేవాడు. వచ్చే నెల కూడా అక్కడికే వెళ్తాం లెండి, ఆ గుత్తివంకాయ ఇంకెక్కడా దొరకదు, కాకపోతే రెండుంపావుకి వెళ్తాం, కూర అయిపోయిందంటే మాత్రం మళ్ళీ ఇక్కడికే వచ్చి గొడవ పెడతాను.

మెస్సోడు
రెండుంపావుకి గుత్తివంకాయ ఉండదు అన్నా, ఏ మెస్సులోనూ ఉండదు, ముందే ఫోన్ చేసి నాలుగు ప్లేట్లకి పక్కన పెట్టమని చెప్పండి, పెడతారు. సుజి గారి పోస్టు నాన్నకి చదివి వినిపించాను. మా మెస్సు వెనక బియ్యం బస్తాలు పెట్టే గది ఉంది, రెండు టేబుళ్ళు పడతాయి, సర్దితే ఆడవాళ్ళు నలుగురైదుగురు కూర్చోవచ్చు, కావాలంటే మూడింటి వరకు ఉండనీ అన్నారు. ఫ్యాను ఉంది, ఏసీ లేదు.

బెజవాడ_సుజి
రాజమండ్రిలో ఉంటే మాకేం లాభం తమ్ముడూ. బెజవాడలో ఎవరైనా ఉంటే చెప్పండి, బస్తాల మీదైనా కూర్చుంటాం.