థార్‌కి టూ మీటర్ హ్యామ్ రేడియో యాంటెన్నా ఎక్కడ బిగించాలి?

ప్రశ్న (శ్రీకాకుళం): బండి థార్ సాఫ్ట్‌టాప్ (గుడ్డ కప్పు). మ్యాగ్నెట్ బేస్ అతుక్కోడానికి పైన రేకు లేదు. ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్‌లో 144–146 మెగాహెర్ట్జ్ (టూ మీటర్ బ్యాండ్) వాడాలి. ఏ యాంటెన్నా మంచిదండీ?

జవాబు (విజయనగరం): బానెట్ అంచుకి లిప్ మౌంట్ (అంచుని పట్టుకునే బిగింపు), దాని మీద 49 సెంటీమీటర్ల క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో సుమారు పావు వంతు) రాడ్ చాలు. గెయిన్ (సిగ్నల్‌ని ఒక వైపుకి కూడగట్టే శక్తి) ఎక్కువున్న పొడుగు రాడ్ సిగ్నల్‌ని నేలబారుగా పంపుతుంది, లోయలోంచి కొండ మీది రిపీటర్‌కి (సిగ్నల్‌ని అందుకుని తిరిగి పంపే స్టేషన్) సరిగా అందదు. కొమ్మలు తగిలే దారి, కింద స్ప్రింగ్ తప్పనిసరి. స్క్రూలు దిగే చోట పెయింట్ గీకి మెరిసే ఇనుము తేల్చండి. బానెట్ కీళ్లని నమ్మొద్దు: బానెట్‌కీ బాడీకీ మధ్య అల్లిక రాగి పట్టీ బిగించండి. లేకపోతే కుదుపు కుదుపుకీ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకి ఎంత సరిగా కుదిరిందో చెప్పే కొలత, తక్కువుంటే మంచిది) మారిపోతుంది.

మరో జవాబు (కళింగపట్నం): గీకిన చోటే ఉప్పుగాలికి తుప్పు మొదలవుతుంది, గ్రీజు పూయండి. రాడ్ కొంచెం పొడుగ్గా ఉంచి, బానెట్ మూసి, 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 లోపు వచ్చేదాకా రెండేసి మిల్లీమీటర్లు కత్తిరించండి.