హంటా వైరస్ రోగనిరోధక పరిశోధనకు ప్రభుత్వ నిధులు: తిరుపతి నుంచి ఎలా అడగాలి?

ప్రశ్న: స్వర్ణముఖి తీరం

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలోని ఒక కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తున్నాను. రెగ్యులర్ ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కావస్తోంది. పీహెచ్‌డీలో డెంగీ రోగుల టి కణాల (రోగనిరోధక శక్తిలో భాగమైన తెల్ల రక్తకణాల) మీద పని చేశాను. ఎలుకల మూత్రం, మలం, లాలాజలం ద్వారా మనుషులకు సోకే హంటా వైరస్‌కు మన ప్రాంతపు మనుషుల శరీరం ఎలా స్పందిస్తుందో చూడాలన్నది నాకు చాలాకాలంగా ఉన్న ఆలోచన.

మా ఊరు పుత్తూరు దగ్గర. ఇంటి వెనుక గదిలో వేరుశెనగ బస్తాలు వేసేవాళ్ళం. పందికొక్కులు తవ్విపోసిన మట్టి, కొరికేసిన గోనెలు, బస్తాల సందుల్లో ఎండిన ఎలుక పెంటికలు ఎప్పుడూ ఉండేవి. నాన్న ఏడాదికోసారి ఆ గదిని పొడి చీపురుతో ఊడ్చేటప్పుడు లేచిన దుమ్ము, కిటికీలోంచి పడే ఎండ చారలో తేలుతూ కనిపించేది. హంటా వైరస్ ఎక్కువగా అలాంటి దుమ్మును పీల్చినప్పుడే సోకుతుందని చదివిన రోజున నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ ఎండ చారే.

గత ఏడాది ఒక నిధుల సంస్థకు ప్రతిపాదన పంపాను. టి కణాల విశ్లేషణకు, సైటోకైన్ల (రోగనిరోధక కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్ల) కొలతకు, ఇద్దరు పరిశోధక విద్యార్థుల జీతాలకు కలిపి పెద్ద మొత్తమే అడిగాను. ఆరు నెలల తర్వాత, ఈ ప్రాంతంలో ఈ వ్యాధి భారం ఉన్నట్టు ఆధారం లేదని ఒకే వాక్యంలో జవాబు వచ్చింది. ఆధారం వెతకడానికే కదా డబ్బడుగుతున్నది! ఇలాంటి విషయానికి ఏ ప్రభుత్వ సంస్థలను అడగాలి, అత్యున్నత భద్రత గల ప్రయోగశాల లేకుండా ఇక్కడ ఏ మేరకు పని చేయవచ్చు, మొదట ఎంత అడిగితే నమ్ముతారు అన్నవి నా ప్రశ్నలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: కాణిపాకం దారి

అమ్మా, నేను వైరాలజీలో ముప్పై ఏళ్ళు పని చేసి పదవీ విరమణ చేసినవాడిని. ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని నొప్పించి ఉంటుంది, కానీ సమీక్షకుడిదే తప్పని నేను అనలేను. మీరు మూడో మెట్టుకు డబ్బడిగారు, ఆయన మొదటి మెట్టు ఎక్కడుందని చూశాడు.

ఈ వైరస్‌ల చరిత్ర తిరగేస్తే డబ్బు ఎప్పుడూ శవాల వెనకాలే నడిచిందని తెలుస్తుంది. 1951 నుంచి 1953 వరకు కొరియా యుద్ధంలో ఐక్యరాజ్యసమితి సైనికులు మూడు వేల మందికి పైగా రక్తస్రావంతో కూడిన జ్వరం పాలయ్యారు. ఆ జ్వరానికి కారణమైన వైరస్‌ను హో వాంగ్ లీ 1976లో అక్కడి పొలం ఎలుకల ఊపిరితిత్తుల్లో పట్టుకుని, హంటాన్ నది పేరు పెట్టాడు. ఆయన పరిశోధనకు అమెరికా సైన్యం ఖజానా నుంచి డబ్బు అందింది, ఎందుకంటే చచ్చిపోయినవాళ్ళలో ఆ దేశపు సైనికులున్నారు. 1993లో అమెరికా నైరుతి భాగంలో ఆరోగ్యంగా ఉన్న యువకులు రోజుల్లో ఊపిరాడక చనిపోతే, అక్కడి సంస్థలు కొన్ని వారాల్లోనే అది కొత్త హంటా వైరస్ అని తేల్చాయి. దానికే తర్వాత సిన్ నోంబ్రే అని పేరొచ్చింది. ఆ రకం జబ్బులో సుమారు మూడో వంతుకు పైగా రోగులు మరణిస్తారు. ఆ తర్వాతి ఏళ్ళలో అమెరికాలో ఈ కుటుంబంపై టీకాలకు, ప్రయోగశాలలో తయారుచేసే మోనోక్లోనల్ యాంటీబాడీలకు అక్కడి జాతీయ అలర్జీ, అంటువ్యాధుల సంస్థ డబ్బిచ్చిందంటే దాని పునాది ఆ 1993 నాటి భయమే.

మన సంగతి చూడండి. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటా, గంటన్నరలో వేలూరు చేరతాం. ఆ ఊళ్ళో తొట్టపాళెయం అనే పేట ఉంది. మెదడువాపు వ్యాధి సర్వేలో భాగంగా 1964లో అక్కడ పట్టుకున్న చుంచెలుకలో ఒక వైరస్ దొరికింది, దానికి తొట్టపాళెయం వైరస్ అనే పేరే ఉంది. అది హంటా కుటుంబానిదని తేలింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాతే. చుంచెలుక పేరులో ఎలుక ఉన్నా అది ఎలుకల జాతికి చెందదు, పురుగులు తినే జీవి. కాబట్టి ప్రతిపాదనలో దాన్ని ఎలుకల జాబితాలో రాయకండి, సమీక్షకులు పట్టుకుంటారు. ఆ వైరస్ మనుషులకు జబ్బు తెస్తుందని రుజువు కాలేదు. ఈ రెండు వాక్యాలూ ఒకే పేరాలో నిజాయితీగా రాస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది. తర్వాత 2000 దశకంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు జ్వర రోగుల్లోనూ, ఎలుకలతో దగ్గరి సంబంధమున్న గోదాము కార్మికుల్లోనూ, ఇరుళర్ తెగవారిలోనూ యాంటీబాడీలు ఉన్నట్టు చూపారు. మీ ఆధారం అక్కడుంది, పక్క జిల్లాలో. దాన్ని మీ ప్రతిపాదనలో మొదటి పేరాలో పెట్టారా?

ఇక రోగనిరోధక శక్తి సంగతి. ఈ వైరస్ సూక్ష్మ రక్తనాళాల లోపలి పొరలోని కణాల్లో చేరుతుంది గాని వాటిని నేరుగా చంపదు. నాళాల గోడలు బలహీనపడి ప్లాస్మా అనే రక్తద్రవం బయటికి కారడానికి, కొందరిలో మూత్రపిండాలు, కొందరిలో ఊపిరితిత్తులు దెబ్బతినడానికి వైరస్ కంటే మన శరీరం చూపే అతి స్పందనే ఎక్కువ కారణమని చాలామంది నమ్ముతున్నారు. వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 టి కణాలు, టీఎన్ఎఫ్ వంటి సైటోకైన్లు అందులో పాత్రధారులు. అదే వైరస్‌ను జీవితాంతం మోస్తున్న ఎలుకకు మాత్రం ఏమీ కాదు. అమెరికాలోని డీర్ మౌస్ అనే చిట్టెలుకలోనూ, సియోల్ వైరస్ అనే మరో హంటా రకాన్ని మోసే బ్రౌన్ ర్యాట్ అనే ఎలుకలోనూ నియంత్రక టి కణాలు ఆ అతి స్పందన మంటను అదుపులో పెడుతున్నాయని చూపిన పనులున్నాయి. రోగిలో రగిలేదీ ఎలుకలో రగలనిదీ ఏమిటన్న తేడాను పట్టుకోవడమే ఈ రంగంలో అసలైన ప్రశ్న. మీరు డెంగీ నుంచి వచ్చారు కనుక ప్లాస్మా కారడం మీకు కొత్త కాదు. మీ ప్రతిపాదనకు బలం ఇదే, కాని మీరు దాన్ని చివరి పేజీలో దాచి ఉంటారని నా అనుమానం.

ప్రయోగశాల విషయంలో భయపడకండి. బతికున్న వైరస్‌ను పెంచాలంటే మూడో స్థాయి భద్రత కావాలి. ఎలుకల్లోకి ఎక్కించి చూడాలంటే కొన్ని రకాలకు నాలుగో స్థాయి కావాలి, దానికి పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వంటివి ఉన్నాయి. కాని ఈ. కోలై బ్యాక్టీరియాలోనో, ఇతర కణాల్లోనో తయారైన ఎన్ ప్రోటీన్ (వైరస్ లోపలి ప్రోటీన్)తో ఎలైజా, అంటే రక్తంలో యాంటీబాడీలను పట్టే పరీక్ష, చేయడానికీ, వీఎస్‌వీ అనే మరో వైరస్‌కు హంటా పైపొర ప్రోటీన్లు తొడిగిన నకిలీ కణాలతో తటస్థీకరణ పరీక్ష (యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకుంటాయో లేదో చూసేది) చేయడానికీ రెండో స్థాయి చాలు. ఒక జాగ్రత్త: ఎన్ ప్రోటీన్‌పై యాంటీబాడీలు ఒక హంటా వైరస్‌కు పుట్టినవి మరొకదానికీ అంటుకుంటాయి. ఎలైజా పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఏ వైరస్ సోకిందో చెప్పలేం, అందుకే తటస్థీకరణ పరీక్ష అవసరం.

అడగాల్సిన చోట్లు: భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం, 2024 ఫిబ్రవరి నుంచి పాత ఎస్ఈఆర్‌బీ (కేంద్ర ప్రభుత్వపు శాస్త్ర పరిశోధన నిధుల బోర్డు) స్థానంలో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానం. నాలుగోది ఎవరూ తలచుకోరు, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో. అది తన జీవశాస్త్ర పరిశోధన బోర్డు ద్వారా బయటి కళాశాలలకూ నిధులిస్తుంది. గుడారాల్లో, సరిహద్దు శిబిరాల్లో పడుకునే జవాన్లకు ఎలుకలతో పొత్తు ఎలా ఉంటుందో కొరియా కథే చెబుతుంది కదా.

జవాబు 2: గాంధీరోడ్డు

నేను శాస్త్రజ్ఞుడిని కాను, పన్ను కట్టేవాడిని మాత్రమే. అమెరికాలో 2025లో జీన్ హ్యాక్‌మన్ అనే నటుడి భార్య ఈ వైరస్‌తో చనిపోయిందని వార్త వచ్చేదాకా ఈ పేరే వినలేదు. మన జిల్లాల్లో పాముకాటు ఉంది, క్షయ ఉంది, వాన పడితే డెంగీ ఉంది. వీటన్నిటినీ పక్కన పెట్టి, ఉందో లేదో తెలియని జబ్బు మీద టి కణాల లెక్క తీయడానికి ప్రభుత్వం ఎందుకివ్వాలి? కోపంతో కాదు, నిజంగానే అడుగుతున్నాను.

జవాబు 3: మెడికల్ వార్డు, చిత్తూరు

గాంధీరోడ్డు గారి ప్రశ్నకు ఒక వైద్యుడిగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ ప్రశ్న న్యాయమైనదే.

అక్టోబరు, నవంబరు నెలల్లో మా వార్డుకు వచ్చే ఒక రకం రోగిని ఊహించండి. నలభై ఏళ్ళ రైతు, చెరకు తోటలో పని చేస్తాడు, ఐదు రోజులుగా జ్వరం, నడుము నొప్పి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, మూత్రపిండాలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ మూడు దాటుతుంది, మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తుంది. డెంగీ పరీక్ష నెగటివ్, మలేరియా నెగటివ్, స్క్రబ్ టైఫస్ నెగటివ్, లెప్టోస్పైరోసిస్ యాంటీబాడీ పరీక్ష (ఐజీఎం) నెగటివ్. డాక్సీసైక్లిన్, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌లు రెండూ ఇస్తాం, సెలైన్ జాగ్రత్తగా ఎక్కిస్తాం, కొందరికి డయాలసిస్ కూడా పడుతుంది. చాలామంది కోలుకుని ఇంటికెళ్తారు. డిశ్చార్జి కాగితంలో కారణం గడిలో మాత్రం తెలియని జ్వరం, మూత్రపిండ వైఫల్యం అని రాస్తాం. అందులో హంటా ఉందని నేను అనడం లేదు. లేదని చెప్పే పరీక్ష కూడా మా దగ్గర లేదు అంటున్నాను. పరీక్ష లేదు కాబట్టి లెక్క లేదు, లెక్క లేదు కాబట్టి నిధి లేదు, నిధి లేదు కాబట్టి పరీక్ష లేదు. గానుగెద్దు తిరిగినట్టు ఇక్కడే తిరుగుతున్నాం.

పైగా ఇలా సేకరించిన రక్తం హంటాకు మాత్రమే పనికొచ్చేది కాదు. ఆ నమూనాల్లోని సైటోకైన్లను లెప్టో, స్క్రబ్, డెంగీ రోగులవాటితో పోల్చి, ఎవరికి రక్తనాళాలు ముందుగా కారతాయో తెలుసుకుంటే సెలైన్ ఎవరికి ఎంత ఎక్కించాలో మాకు తెలుస్తుంది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, తక్కువైతే బీపీ పడిపోతుంది. రాత్రి రెండు గంటలకు ఆ నిర్ణయం తీసుకునే హౌస్‌సర్జన్‌కు ఈ పరిశోధన అంత దూరమేమీ కాదు.

స్వర్ణముఖి గారికి ఒక మాట. యాంటీబాడీ పెరిగిందని చూపాలంటే రెండు నమూనాలు కావాలి, ఒకటి చేరినప్పుడు, మరొకటి రెండు మూడు వారాలకు. రెండో నమూనాకు రోగి తిరిగి రాడు. జబ్బు తగ్గాక పలమనేరు నుంచి చిత్తూరుకు రావడమంటే ఒక రోజు కూలి పోవడమే. బడ్జెట్‌లో బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి రెండూ నైతిక కమిటీ అనుమతితో రాయండి. ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా కూలిపోయేది ఆ చిన్న మొత్తం దగ్గరే.

జవాబు 4: ఫైళ్ళ గది

నేను ఒక విద్యాసంస్థలో ప్రాజెక్టుల ఖాతాలు చూస్తాను. డబ్బు మంజూరైన తర్వాత జరిగేది ఎవరూ చెప్పడం లేదు కనుక నేను చెబుతాను.

ఇప్పుడు చాలా కేంద్ర నిధులు సున్నా నిల్వ ఖాతాల పద్ధతిలో వస్తాయి, అంటే డబ్బు మీ దగ్గర కూర్చోదు, ఖర్చు పెట్టినప్పుడే దిగుతుంది. ఖర్చు కాని పరిమితి మార్చి 31తో ముగుస్తుంది. జనవరిలో మంజూరై, విదేశం నుంచి యాంటీబాడీ కిట్లు రావడానికి మూడు నెలలు పడితే, మార్చి 31 దాటాక వచ్చిన కిట్టుకు బిల్లు కట్టడానికి మళ్ళీ ఉత్తరాలు మొదలవుతాయి. కస్టమ్స్ సంగతి కూడా మరవకండి. 2024 జూలై బడ్జెట్‌లో ప్రయోగశాల రసాయనాల మీద దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి 150 శాతానికి పెంచి, గగ్గోలు పుట్టాక కొద్ది రోజుల్లోనే సొంత వాడకానికి తెప్పించుకునేవారికి తిరిగి 10 శాతం చేశారు. ఆ కొద్ది రోజుల్లో మా దగ్గర మూడు కొటేషన్లు తిరగరాయాల్సి వచ్చింది.

అందుకని మొదటి ఏడాది ఎలైజాలూ, నమూనా సేకరణా మాత్రమే పెట్టుకోండి. కణాల రకాలను లెక్కించే ఫ్లో సైటోమెట్రీకి వాడే ఖరీదైన యాంటీబాడీలు రెండో ఏడాదికి వదలండి. యంత్రం కొనాలని అడగకండి. తిరుపతిలో కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఐఐఎస్ఈఆర్ ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, స్విమ్స్ ఆసుపత్రి ఉంది. యంత్రం ఉన్నవారిని సహ పరిశోధకులుగా చేర్చుకుంటే మీ బడ్జెట్ సగానికి పడిపోతుంది, నమ్మకం రెట్టింపవుతుంది. ఎలుకలను బోనుల్లో పట్టాలనుకుంటే పశువైద్యులు తప్పనిసరి, జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతికి వాళ్ళ సంతకం లేకుండా ఫైలు కదలదు. ప్రతి ఏటా వినియోగ ధ్రువపత్రం సకాలంలో పంపినవారికే రెండో విడత వస్తుంది, ఇది మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి.

స్వర్ణముఖి తీరం

అందరికీ కృతజ్ఞతలు. కాణిపాకం దారి గారూ, మీ అనుమానం నిజమే. వేలూరు పనిని నేను పదకొండో పేజీలో, అదీ రెండు వాక్యాల్లో రాశాను. గాంధీరోడ్డు గారి ప్రశ్న కూడా నాకు మేలే చేసింది. దాన్ని ప్రతిపాదన మొదట్లోనే పెట్టి, చిత్తూరు వైద్యులు చెప్పిన సెలైన్ సంగతితో జవాబు రాస్తాను.

కాబట్టి ఈసారి కారణం తేలని జ్వరం, మూత్రపిండ వైఫల్యం ఉన్న రోగుల జత నమూనాలతో రెండేళ్ళ చిన్న ప్రాజెక్టు మాత్రమే అడుగుతాను. మొదట ఎలైజా, పాజిటివ్ వచ్చినవాటికి తటస్థీకరణ పరీక్ష. నెగటివ్ వచ్చినవి కూడా పారేయకుండా సైటోకైన్ల పోలికకు దాచుతాను. టి కణాల పని మాత్రం వైద్య పరిశోధన మండలికి తర్వాత విడిగా రాస్తాను. ఒక్క ఇబ్బంది ఉంది. మా విభాగంలో మైనస్ 80 ఫ్రీజర్ ఉంది గాని దానికి జనరేటర్ లైను లేదు. వేసవిలో కరెంటు పోతే ఎలా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మెడికల్ వార్డు, చిత్తూరు

ఒక్కో నమూనాను నాలుగు చిన్న సీసాల్లో పంచి, రెండు మీ దగ్గర, రెండు జనరేటర్ ఉన్న మరో చోట పెట్టండి. రెండో చోటు పేరు కూడా ప్రతిపాదనలో రాయండి. సీసాల మీద మామూలు మార్కర్‌తో రాయకండి, చలికి మంచు పట్టి తుడిస్తే అక్షరాలు చెరిగిపోతాయి. గడ్డకట్టినా ఊడని లేబుళ్ళు ముందే అచ్చువేయించుకోండి. సోమవారం ఓపీ ముగిశాక ఒకసారి వార్డుకు రండి, గత సీజన్‌లో మేము తెలియని జ్వరం అని రాసి పంపిన కేసుల రిజిస్టరును, నైతిక కమిటీ అనుమతి ఎక్కడ మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.