జమ్మూ కశ్మీర్ జనసాంద్రత 124 ఎలా వచ్చింది? తల పగిలిపోతోంది

గ్రూప్2_రాత్రిబడి:
పొద్దున్న తొమ్మిదింటికి కూర్చున్నా, ఇప్పుడు రెండయింది. ఇంకా అన్నం కూడా తినలేదు. 2011 జనగణన ప్రకారం జమ్మూ కశ్మీర్ జనసాంద్రత 124 అని కీలో ఉంది. మన చేతిలో లేని భూమంతా తీసేసి భాగించినా నాకు 118 దగ్గరే ఆగుతోంది. మూడుసార్లు చేశా. తప్పు కీలో ఉందా, నాలో ఉందా? చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

ఒక్కముక్క:
ఎంత తీసేశారు? అంకెలు పెట్టండి.

పాత_అట్లాసు:
బాబూ, వెనక కథ తెలియకుండా అంకెలు బట్టీపడితే పరీక్ష హాలు గుమ్మం దగ్గరే రాలిపోతాయి. 1846లో అమృత్‌సర్ ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లు 75 లక్షల నానక్‌షాహీ రూపాయలకు కశ్మీర్‌ను జమ్మూ రాజు గులాబ్ సింగ్‌కు రాసిచ్చారు. లద్దాఖ్‌ను అప్పటికే ఆయన సేనాని జోరావర్ సింగ్ గెలిచి పెట్టాడు. తగవంతా ఆ లద్దాఖ్ తూర్పు అంచు దగ్గరే. 1865లో సర్వే ఉద్యోగి జాన్సన్ గీసిన గీతలో అక్సాయ్ చిన్ మహారాజా వైపు పడింది. 1899లో ఇంగ్లీషువాళ్లు చైనాకు ప్రతిపాదించిన మెకార్ట్‌నీ-మెక్‌డొనాల్డ్ గీతలో అందులో చాలాభాగం చైనా వైపు పోయింది. ఆ ప్రతిపాదనకు చైనా జవాబే ఇవ్వలేదు. ఇంతలో 1957కల్లా షిన్‌జియాంగ్ నుంచి టిబెట్‌కు ఆ నేల మీదుగానే రోడ్డు వేసేసుకుంది. మనం నిరసన పత్రం పంపింది 1958లో! ఇంకా ఉంది...

ఒక్కముక్క:
ఆయన అడిగింది భాగహారం.

పాత_అట్లాసు:
భాగహారం ఫోను కూడా చేస్తుంది. దేన్ని దేంతో భాగించాలో చరిత్రే చెప్పాలి.

గ్రూప్2_రాత్రిబడి:
సారీ, అంకెలు అందరికీ తెలిసినవే కదా అని పెట్టలేదు. మొత్తం 2,22,236 చ.కి.మీ. అందులో పాకిస్తాన్ చేతిలో 78,114, చైనా చేతిలో 37,555. తీసేస్తే 1,06,567. జనాభా 1,25,41,302. భాగిస్తే 117.68. ఇందులో తప్పేముంది?

జిల్లాల_రికార్డు:
వైశాల్యాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. దేశంలో అతిపెద్ద జిల్లా లేహ్, 82,665 చ.కి.మీ. కచ్ అని రాసి మార్కులు పోగొట్టుకోకండి.

ఒక్కముక్క:
ఆ 82,665లో అక్సాయ్ చిన్ 37,555 కలిసే ఉంది. తీస్తే 45,110. కచ్ 45,674.

జిల్లాల_రికార్డు:
అంటే అక్సాయ్ చిన్ మనది కాదంటారా?

ఒక్కముక్క:
తీసివేత చేశానండీ, దేశద్రోహం కాదు.

జిల్లాల_రికార్డు:
2019 నవంబరులో ప్రభుత్వం ఇచ్చిన పటం చూడండి. గిల్గిత్, చిలాస్ కూడా లేహ్ జిల్లాలోనే చూపించారు. ఆ లెక్కన 82,665 కూడా తక్కువే.

కొండదారి:
తమ్ముడూ, షక్స్‌గామ్ లోయ మర్చిపోయావు. 5,180 చ.కి.మీ. కే2 శిఖరానికి ఉత్తరాన ఉంటుంది. 1963 మార్చి 2న పాకిస్తాన్ చైనాకు ఇచ్చేసింది. నీ 78,114లోనూ అది లేదు, 37,555లోనూ లేదు. విడిగా తీసెయ్. 1,01,387 మిగులుతుంది.

జిల్లాల_రికార్డు:
'ఇచ్చేసింది' అనకండి. తనది కానిది ఎలా ఇస్తుంది? 'అక్రమంగా అప్పగించింది' అనాలి.

కొండదారి:
సరే, మీ మాటే ఖాయం. లోయ మాత్రం ఉన్నచోటే ఉంది.

పాత_అట్లాసు:
ఆ ఒప్పందం ఆరో అధికరణలోనే మెలిక ఉంది. కశ్మీర్ తగవు తేలాక అక్కడి సార్వభౌమ ప్రభుత్వంతో చైనా మళ్లీ మాట్లాడుకోవాలట. అంటే రాసుకున్నవాళ్లకే అది తాత్కాలికం.

జిల్లాల_రికార్డు:
మరి చైనా ఆక్రమణ 42,735 అని రాయాలి కదా? పుస్తకాలన్నీ 37,555 అనే ఎందుకు రాస్తాయి? అసలు షక్స్‌గామ్ ఎల్‌ఓసీకి (పాక్‌తో నియంత్రణ రేఖకు) అవతల ఉంది కాబట్టి పాక్ ఖాతాలోకే వస్తుంది.

కొండదారి:
ఎల్‌ఓసీ అంత దూరం పోదండీ. 1972లో ఖరారైన గీత ఎన్‌జే9842 అనే బిందువు దగ్గరే ఆగిపోతుంది. 1949 కరాచీ ఒప్పందంలో అక్కడి నుంచి 'ఉత్తరంగా హిమానీనదాల వరకు' అని రాసి వదిలేశారు. ఆ ఒక్కమాట మీదే 1984 నుంచి సియాచిన్‌లో సైన్యాలు కాపలా కాస్తున్నాయి. అక్కడ రెండు సైన్యాలూ నిలిచిన చోటును చూపే గీతను ఏజీపీఎల్ అంటారు, చైనా వైపు వాస్తవాధీన రేఖ ఎల్‌ఏసీ. మూడూ ఒకటి కాదు.

జిల్లాల_రికార్డు:
పేర్లు మారిస్తే భూమి మారుతుందా?

ఒక్కముక్క:
ఇందాక 'ఇచ్చేసింది' అంటే ఒప్పుకోనిది మీరే.

గ్రూప్2_రాత్రిబడి:
123.70 వచ్చింది!! పుస్తకంలో పట్టిక కింద చుక్క గుర్తు పెట్టి చీమతలకాయంత అక్షరాల్లో ఆ 5,180 రాసే ఉంది. దాని మీదే కాఫీ మరక. థాంక్స్ అందరికీ, అన్నానికి పోతున్నా.

కొండదారి:
లద్దాఖ్ 59,146, ఇప్పటి జమ్మూ కశ్మీర్ 42,241. ఆ రెండూ కలిపినా అదే 1,01,387. రాసిపెట్టుకో తమ్ముడూ. 124 మాత్రం విడిపోకముందు రాష్ట్రానిది.

పాత_అట్లాసు:
వెళ్లిపోయాడా? 1842 చుషూల్ ఒప్పందం ఇంకా చెప్పనేలేదు.