పాత డెస్క్‌టాప్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు మేలా, వాడిన కార్డు మేలా?

శబరితీరం:
ఆఫీసులు మార్చేసిన యంత్రాల్లోంచి మా తమ్ముడికి ఒక డెల్ ఆప్టిప్లెక్స్ 7010 కొన్నాము. సన్నని పెట్టె రకం. ఐ3-3220 ప్రాసెసర్, 240 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) ఉన్నాయి. కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే తీగ లేదు. తమ్ముడు ఎక్కువగా వీడియోలు ఎడిట్ చేస్తాడు, కొంత ఆటలు కూడా ఆడతాడు. కొత్త ఆర్‌ఎక్స్ 6400 కొనాలా, వాడిన జీటీఎక్స్ 1050 టీఐ కొనాలా? రెండింటిలోనూ పొట్టి కార్డులు ఉన్నాయి.

మినుకు:
కొత్తదే కొనండి. ఆర్‌ఎక్స్ 6400 విడుదలైంది 2022లో, 1050 టీఐ 2016 నాటిది. మొదటిది 53 వాట్లతో నడుస్తుంది, రెండోదానికి 75 వాట్ల దాకా కావాలి. చిన్న ఎస్‌ఎంపీఎస్ మీద ఆ తేడా చిన్నది కాదు. పైగా కొత్తదానికి వారంటీ ఉంటుంది. కార్డును బోర్డుకు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో కొత్త కార్డు పాత స్లాటులోనూ పనిచేస్తుంది కనుక పొంతన గురించి బెంగ అక్కరలేదు.

రాగితీగ:
మినుకు గారు కరెంటు గురించి చెప్పినది నిజమే, కానీ పొంతన గురించి చెప్పిన మాటను నేను ఒప్పుకోలేను. కార్డు పనిచేయడం వేరు, దాని బలమంతా వాడుకోగలగడం వేరు. ఆర్‌ఎక్స్ 6400 కనెక్టరు చూడడానికి పొడవుగానే ఉన్నా అందులో నాలుగు లేన్లే (డేటా వెళ్ళే దారులు) ఉన్నాయి. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డుల మీద ఆ నాలుగే సెకనుకు దాదాపు 8 జీబీ మోస్తాయి కాబట్టి అక్కడ లోటు అంతగా తెలియదు. ఐ3-3220 మాత్రం, తోటి ఐ5ల మాదిరిగా కాకుండా, రెండో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ వేగాన్నే ఇస్తుంది. లేనుకు 500 ఎంబీ చొప్పున ఈ కార్డుకు సెకనుకు దక్కేది 2 జీబీ. పదహారు లేన్లున్న 1050 టీఐకి అదే స్లాటులో 8 జీబీ దక్కుతుంది. ఆట కార్డులోని 4 జీబీ మెమరీని దాటి బోర్డు ర్యామ్ మీద ఆధారపడగానే తెర ఆగి ఆగి కదలడానికి కారణం ఇదే.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి వీడియో. ఆర్‌ఎక్స్ 6400లో వీడియోను ఎన్‌కోడ్ చేసే (ఎడిట్ అయ్యాక కుదించి ఫైలుగా మార్చే) విభాగమే లేదు, 1050 టీఐలో ఉంది. ఎడిటింగ్ కోసం కార్డు కొంటున్న పిల్లవాడి చేతిలో, ఎక్స్‌పోర్ట్ భారమంతా రెండు కోర్ల ప్రాసెసర్ మీద వేసే కార్డు పెట్టడం నాకు అన్యాయంగా తోస్తోంది.

అయితే వాడిన కార్డును గుడ్డిగా కొనవద్దు. పాత చిప్పులకు వేరే బయోస్ (కార్డు లోపలి ప్రోగ్రాము) ఎక్కించి 1050 టీఐ పేరుతో అమ్మేవారు ఉన్నారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొంటే దుకాణంలోనే యంత్రానికి తగిలించి కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామును నడిపించమని అడగండి. చిప్పు జీపీ107, షేడర్లు 768, మెమరీ 4 జీబీ జీడీడీఆర్5 అని కనబడాలి. కార్డుతో పాటు పొట్టి బ్రాకెట్ (కార్డును పెట్టె వెనక బిగించే రేకు) వస్తుందో లేదో చూసుకోండి. పొడవు బ్రాకెట్‌తో మీ పెట్టె మూత పడదు. ఆ కార్డుల్లో చాలావరకు రెండు స్లాట్ల మందం ఉంటాయి కనుక ముందే మూత తీసి, పొడవాటి స్లాటు పక్కన అంత చోటుందో లేదో కొలవండి.

మినుకు:
ఎన్‌కోడర్ విషయం ఒప్పుకుంటాను. కానీ 1050 టీఐ తయారీదారు ఎన్విడియా ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లను 2025 అక్టోబరుతో ఆపేసింది. ఇక 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లే వస్తాయి. అదీకాక, ఐ3 తీసి వాడిన ఐ5-3470 పెడితే మూడో తరం వేగం వస్తుంది కదా?

రాగితీగ:
వస్తుంది, అప్పుడు ఆర్‌ఎక్స్ 6400కు సెకనుకు దాదాపు 4 జీబీ దక్కుతుంది. నాలుగు కోర్లు రావడం ఎడిటింగ్‌కు ఇంకా మేలు. శబరితీరం గారూ, డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ఆ ఐ5 కొనండి. ఆ తరువాత ఆటలే ప్రధానమైతే మినుకు గారి కార్డు తీసుకోవచ్చు. వీడియోలే ప్రధానమని మీరే అన్నారు కనుక, నా ఓటు ఇప్పటికీ 1050 టీఐకే.