1962 షగాల్ పోస్టర్: ‘ఒరిజినల్ లితో’ అనొచ్చా?

బురుజు_కర్నూలు: ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణం పర్యాటక ప్రచారానికి 1962లో వేసిన, చిత్రకారుడు షగాల్ బొమ్మ ఉన్న పోస్టర్ అనంతపురంలో ఒకాయన దగ్గరుంది. పారిస్ మూర్లో ప్రెస్ అచ్చు. ‘ఒరిజినల్ లితోగ్రాఫ్’ (లితో అంటే రాతి మీదో రేకు మీదో చేత్తో గీసి తీసే అచ్చు) అని అమ్ముతున్నాడు. అట్లా అనొచ్చా?

రాతిఅచ్చు_కడప: ముందు 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) పెట్టు. ముదురు రంగు మీద కాదు, లేత రంగు మసకబారే చోట. నాలుగు రంగుల చుక్కలు వరసగా, చిన్న చిన్న పూలలా కనిపిస్తే ఆఫ్‌సెట్, అంటే ఫొటో తీసి మిషన్లో వేసిన అచ్చు. లితో అయితే చుక్కలకు వరస ఉండదు, క్రేయాన్ గీత రాయి గరుకుకి ఎట్ల విరిగిందో అట్లే కాగితం మీదికి దిగుతుంది.

పెన్నొడ్డు: ఫోన్‌లో జూమ్ చేస్తే చాలదా?

రాతిఅచ్చు_కడప: చాలదు. ఫోన్ లేని గరుకును తనే పుట్టిస్తుంది.

మర్రిమాను: లూప్ పట్టుకుని వేలాడితే ఎట్లన్నా? చుక్కలు లేవు, సరే. గీసిందెవరు? ఆ పోస్టర్ అడుగు అంచున సన్నక్షరాల్లో మూర్లో ప్రెస్ పనివాడు సోర్లియే పేరుంటుంది. షగాల్ బొమ్మ చూసి ఒక్కో రంగుకూ విడిగా గీసింది ఆయన. లితోనే, కానీ షగాల్ చెయ్యి పడింది కాదు.

రాతిఅచ్చు_కడప: జిడ్డు గీతకు సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. రాయైనా జింకు రేకైనా ఇదే. ఆ పద్ధతిలో పడితే లితో.

మర్రిమాను: అడిగింది అది కాదు గదప్పా! ‘ఒరిజినల్’ అనే మాట గురించి. పికాసో పావురం చూడు. 1949 జనవరిలో జింకు మీద ఆయనే వేసినాడు, 50 ప్రతులు. అదే పావురం ఏప్రిల్‌లో పారిస్ శాంతి మహాసభ పోస్టరెక్కింది. రెండూ ఒకే ధరకు కొంటావా?

రాయలసీమ_రంగులు: మా పూజగదిలో రవివర్మ ప్రెస్ లక్ష్మి ఉంది. ఎంతొస్తుంది?

రాతిఅచ్చు_కడప: రేట్లు వేరే చర్చలో అడుగు. కానీ మంచి మాట తెచ్చినావు. రవివర్మ నూనె చిత్రం చూసి రాళ్ళ మీద గీసింది ప్రెస్ పనివాళ్ళే. దాన్ని దొంగ రవివర్మ అంటారా ఎవరన్నా?

మర్రిమాను: దొంగది అనలేదు. పోయినేడు నాకమ్మిన, చిత్రకారుడు మిరో పోస్టర్ చీటీలో నువ్వేం రాసినావు?

రాతిఅచ్చు_కడప: ‘ఒరిజినల్ లితో’ అని. మళ్ళీ అదే రాస్తా. ఎనిమిది రంగులంటే ఎనిమిది సార్లు కాగితం మిషనెక్కాల, రంగు మీద రంగు కుదిర్చే అంచు గుర్తులు వెంట్రుకంత తప్పినా ఆ కాగితం చెత్తకే. ఆ పనివాడి చెయ్యి చెయ్యి కాదా?

మర్రిమాను: చెయ్యే. అయితే ఆ చేతి పేరే రాయి. నేను డబ్బిచ్చింది మిరో గీసినాడని.

పెన్నొడ్డు: 😬

మర్రిమాను: బురుజన్నా, పెన్సిల్ సంతకం ఉందంటే లైటు వాలుగా పట్టు. పెన్సిలైతే మెరుస్తుంది, అచ్చు సంతకం మెరవదు. అడుగు అంచు ఫొటో అడుగు. ఫ్రేము కట్టేవాళ్ళు ముందు కోసేది దాన్నే.

బురుజు_కర్నూలు: అడిగినా. ఫ్రేము విప్పనంటున్నాడు.

రాతిఅచ్చు_కడప: అయితే కొనొద్దు.

మర్రిమాను: ఈ ఒక్కటీ ఒప్పుకుంటా.