180 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను, విండోస్‌లో 144 దాకే చూపిస్తోంది. నిజంగా ఎంతలో నడుస్తోందో తెలుసుకోవడం ఎలా?

కాకినాడ_కుర్రాడు

అందరికీ నమస్తే. ఈ మధ్యే 27 అంగుళాల 2కే మానిటర్ తీసుకున్నాను, డబ్బా మీద 180 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. పీసీలో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 11. మానిటర్‌తో పాటు వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్‌నే పెట్టాను. ఆన్ చేయగానే 60లో వచ్చింది, సరే మార్చుకుందామని సెట్టింగ్స్‌లోకి వెళితే లిస్టు 144 దగ్గరే ఆగిపోయింది. 165 లేదు, 180 లేదు. డ్రైవర్ కొత్తది వేశాను, మానిటర్‌ని రీసెట్ చేశాను, అయినా అంతే.

ఇంకో అనుమానం కూడా ఉంది. 144 పెట్టాక మౌస్ కదలిక నున్నగా అనిపిస్తోంది, అది నిజమే. కానీ విండోస్‌లో 144 అని కనిపించినంత మాత్రాన స్క్రీన్ సెకనుకి 144 సార్లు మారుతోందని నమ్మడమెలా? స్క్రీన్ వేగం చూపించే టెస్ట్‌యూఎఫ్‌ఓ సైట్ తెరిస్తే ఒకసారి 144 అంటుంది, ఇంకోసారి 60 అంటుంది (పక్కన పాత 60 హెర్ట్జ్ మానిటర్ కూడా ఉంది, దానివల్లేమో తెలీదు). వాపసు గడువు ఇంకా ఉంది, అది దాటేలోగా పీస్ మంచిదో కాదో తేల్చుకోవాలని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_హార్డ్‌వేర్

టెన్షన్ పడకు తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని బట్టి పీస్ బాగానే ఉంది, అడ్డం పడుతున్నది హెచ్‌డీఎంఐ. 2కే 180 హెర్ట్జ్ మానిటర్లలో చాలావాటికి హెచ్‌డీఎంఐ 2.0 పోర్టే ఇస్తారు. స్పెసిఫికేషన్ల పేజీలో ఎక్కడో కింద హెచ్‌డీఎంఐలో 144, డిస్‌ప్లేపోర్ట్‌లో 180 అని రాసి ఉంటుంది, డబ్బా మీద మాత్రం పెద్ద అంకె ఒక్కటే వేస్తారు. ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు, కొనేవాడికి ముందే కనిపించేలా రాయాలి.

ఎందుకలా అంటే లెక్క వేసి చూడు. 2560ని 1440తో గుణిస్తే 36.86 లక్షల పిక్సెళ్లు. ఒక్కో రంగుకి 8 బిట్లు, మూడు రంగులకి 24. ఇలాంటి ఫ్రేములు సెకనుకి 144 పంపాలంటే దాదాపు 12.7 గిగాబిట్లు కావాలి, 180 పంపాలంటే 15.9. హెచ్‌డీఎంఐ 2.0ని 18 గిగాబిట్లు అంటారు కానీ ఎన్‌కోడింగ్‌కి పోను బొమ్మకి మిగిలేది 14.4 మాత్రమే. పైగా ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య వదిలే ఖాళీ కూడా అందులోనే సర్దాలి. అందుకే 144 ఇరుగ్గా అయినా పడుతుంది, 180 పట్టే ప్రశ్నే లేదు. అదే డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే 25.9 దాకా మోస్తుంది, హాయిగా సరిపోతుంది. నీ కార్డుకి హెచ్‌డీఎంఐ 2.1 ఉంది కదా అనొచ్చు, కానీ రెండు వైపుల్లో ఏది తక్కువైతే దాని ప్రకారమే నడుస్తుంది, మానిటర్ వైపు 2.0 ఉంటే కార్డు ఎంత కొత్తదైనా లాభం లేదు.

కాబట్టి ఒక డీపీ (డిస్‌ప్లేపోర్ట్) కేబుల్ పెట్టు. రెండు మీటర్లకి మించకుండా, వెసా (డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాలు చూసే సంస్థ) సర్టిఫికేషన్ ఉన్నది చూసి తీసుకో. దొరికిందల్లా తెచ్చుకోవద్దు, కొన్ని నాసిరకం కేబుళ్లలో 20వ పిన్ కూడా కలిపేసి ఉంటుంది, దాంతో మానిటర్ నుంచి కార్డులోకి కరెంటు వెనక్కి వచ్చి పీసీ సరిగ్గా ఆన్ కాకపోవడం లాంటి తలనొప్పులు వస్తాయి. కేబుల్ పెట్టాక కూడా 180 రాకపోతే మానిటర్ మెనూలో డీపీ వెర్షన్ 1.2కి పెట్టి ఉందేమో చూడు, కొన్నింటిలో ఆ ఆప్షన్ ఉంటుంది, 1.4కి మార్చాలి. ఇంకొన్నింటిలో చివరి అంకె రావాలంటే ఓవర్‌క్లాక్ అనే ఆప్షన్ ఆన్ చేయాలి.

బెజవాడ_బిల్డర్

పైన అన్న చెప్పింది కరెక్ట్. నీ రెండో ప్రశ్నకి నేను చెబుతాను, ఎందుకంటే చాలామంది విండోస్‌లో అంకె చూసి అక్కడితో వదిలేస్తారు. కార్డు ఏం పంపుతోంది, మానిటర్ ఏం అందుకుంటోంది, ప్యానెల్ (మానిటర్‌లో బొమ్మ చూపించే అసలు తెర) ఏం చూపిస్తోంది అన్నవి మూడు వేర్వేరు సంగతులు, మూడింటినీ విడివిడిగా చూడాలి.

మొదటిది సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. పైన ఏ మానిటరో ఎంచుకునే చోటు ఉంటుంది, రెండు మానిటర్లు ఉన్నాయి అన్నావు కాబట్టి ముందు అక్కడ సరైనది పెట్టు. కింద డెస్క్‌టాప్ మోడ్ అని ఒక లైను, యాక్టివ్ సిగ్నల్ మోడ్ అని ఒక లైను కనిపిస్తాయి. వైర్లో నిజంగా వెళ్తున్నది రెండోది. రెండు లైన్లలో రిజల్యూషన్ వేర్వేరుగా ఉంటే కార్డు మధ్యలో సాగదీసి పంపుతోందని అర్థం. అక్కడ 143.97 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడొద్దు, పిక్సెల్ క్లాక్ లెక్కలో వచ్చే చిన్న తేడా అది. 59.94 కూడా అంతే, అమెరికా కలర్ టీవీ రోజుల నుంచి వస్తున్న అంకె, ఇప్పటికీ లిస్టుల్లో ఉంటుంది.

రెండోది మానిటర్ మెనూ. వెనకాల బటన్ నొక్కి ఇన్ఫర్మేషన్ పేజీకి వెళితే రిజల్యూషన్, హెర్ట్జ్ చూపిస్తుంది. మానిటర్ తనకి అందిన సిగ్నల్‌ని కొలిచి చెప్పే అంకె ఇది, విండోస్ మాట కంటే దీన్ని ఎక్కువ నమ్మొచ్చు. గేమ్‌లో ఇదే అంకె ఎగుడుదిగుడుగా ఉంటే లోపం కాదు, ఫ్రీసింక్ గానీ జీసింక్ గానీ ఆన్‌లో ఉంది, గేమ్ ఎన్ని ఫ్రేములిస్తే స్క్రీన్ అన్నిసార్లు మారుతోంది. గేమ్ 40కి పడిపోయినప్పుడు మెనూలో 80 కనిపించొచ్చు, ఒక్కో ఫ్రేమునీ రెండుసార్లు చూపించి నెట్టుకొస్తుంది. కాబట్టి డెస్క్‌టాప్ మీదే చూడు, గేమ్‌లో కాదు.

చెప్పడం మర్చిపోకముందే ఇంకో రెండు. కేబుల్ మదర్‌బోర్డ్ పోర్టుకి కాకుండా కార్డు పోర్టుకే పెట్టాలి (నీది కార్డుకే ఉండి ఉంటుంది, ఇది ముందుముందు చదివేవాళ్ల కోసం). ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో రిజల్యూషన్ లిస్టు రెండు భాగాలుగా ఉంటుంది, పైన టీవీ రిజల్యూషన్లు, కింద పీసీ అనే భాగం. పై భాగంలో ఎంచుకుంటే కొన్నిసార్లు తక్కువ హెర్ట్జే కనిపిస్తుంది, కిందికి జరిపి పీసీ భాగంలో ఎంచుకోవాలి. కొన్ని గేములకి ఫుల్ స్క్రీన్‌లో వాటి సొంత రిఫ్రెష్ రేట్ సెట్టింగ్ ఉంటుంది, అది 60లో ఉండిపోతే డెస్క్‌టాప్ మీద ఎంత పెట్టినా గేమ్‌లో 60యే.

రాయలసీమ_రిగ్

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. నాది మామూలు 60 హెర్ట్జ్ ఆఫీస్ మానిటర్. కస్టమ్ రిజల్యూషన్ పెట్టి 75 చేశాను, విండోస్ 75 అంటోంది, మానిటర్ మెనూ కూడా 75 అంటోంది. ఇప్పుడు అది నిజంగా 75 అనే అనుకోవచ్చా? పైన బ్రో చెప్పిన మూడోది, ప్యానెల్ ఏం చూపిస్తోందో ఎలా చూడాలి?

ఫ్రేమ్_బై_ఫ్రేమ్

అనుకోకూడదు. నీలాంటి కేసులోనే ఎక్కువ మోసం జరుగుతుంది. మానిటర్ 75 సిగ్నల్‌ని తీసుకుంటుంది, మెనూలో 75 అని చూపిస్తుంది, కానీ లోపల ప్యానెల్ 60కే తిరుగుతూ మిగతా ఫ్రేముల్ని పారేస్తుంది. దీన్ని ఫ్రేమ్ స్కిప్పింగ్ అంటారు. అలా జరిగితే 75 పెట్టడం వల్ల లాభం లేకపోగా కదలికలో కుదుపు వస్తుంది, అసలు 60 కంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది.

కళ్లతో చూసి చెప్పడం చాలా కష్టం. 60 నుంచి 144కి వెళితే ఒక్కో ఫ్రేము 16.67 మిల్లీసెకన్ల నుంచి 6.94కి తగ్గుతుంది, అది ఎవరికైనా తెలుస్తుంది. 144 నుంచి 180కి వెళితే 6.94 నుంచి 5.56, అంటే మిల్లీసెకనున్నర కూడా తేడా లేదు. కాబట్టి "నాకు నున్నగా అనిపిస్తోంది" అన్న మాట మీద ఆధారపడొద్దు, ఫొటో తీయండి.

టెస్ట్‌యూఎఫ్‌ఓలోనే ఫ్రేమ్ స్కిప్పింగ్ టెస్ట్ ఉంది. స్క్రీన్ నిండా గళ్లు ఉంటాయి, వాటిలో ఒక్క తెల్ల గడి మాత్రం ఫ్రేముకి ఒక అడుగు చొప్పున ముందుకి జరుగుతూ ఉంటుంది. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో పెట్టి షటర్ 1/10 సెకనుకి, ఐఎస్‌ఓ బాగా తక్కువకి పెట్టండి, ఫోన్‌ని దేనికైనా ఆనించి కదలకుండా తీయండి. సెకనులో పదో వంతు సేపు షటర్ తెరిచి ఉంటుంది కాబట్టి 180 హెర్ట్జ్ మీద 18 గళ్లు, 75 మీద ఏడెనిమిది గళ్లు తెల్లగా పడాలి. అవి పక్కపక్కనే ఒకదాన్నొకటి ఆనుకుని వరుసగా ఉంటే ప్యానెల్ ప్రతి ఫ్రేమునీ చూపిస్తోంది. మధ్యలో ఒక గడి నల్లగా ఖాళీ ఉంటే ఆ ఫ్రేము పోయినట్టే. మొదటి గడి, చివరి గడి కాస్త మసగ్గా ఉండొచ్చు, షటర్ మధ్యలో తెరుచుకుని మూసుకోవడం వల్ల అలా వస్తుంది, పట్టించుకోవద్దు. ఒక్క ఫొటో చాలదు, కొన్ని తీసి చూడండి, ఖాళీ అన్నింటిలోనూ పద్ధతిగా వస్తోందా అన్నది ముఖ్యం. ఎప్పుడో ఒక్కదాంట్లో వస్తే అది బ్రౌజర్ తడబాటు అయ్యుండొచ్చు.

కాకినాడ తమ్ముడికి: సైట్ ఒకసారి 60, ఒకసారి 144 అనడానికి నీ రెండో మానిటరే కారణమని నా అనుమానం. బ్రౌజర్ ఒక్కోసారి పక్క మానిటర్ వేగాన్ని పట్టుకుంటుంది. టెస్ట్ చేసేంతసేపు పాతదాని కేబుల్ తీసేయ్, బ్రౌజర్ పూర్తిగా మూసి కొత్త మానిటర్ మీద తెరువు, మిగతా ట్యాబ్‌లు మూసెయ్. బ్రౌజర్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చెయ్. ల్యాప్‌టాప్ వాళ్లయితే ఛార్జర్ పెట్టి చూడాలి, క్రోమ్‌లో ఎనర్జీ సేవర్ పనిచేస్తుంటే అదే ఫ్రేముల్ని తగ్గించేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఫింగర్‌ప్రింటింగ్‌ని (సైట్లు మన బ్రౌజర్‌ని బట్టి మనల్ని గుర్తుపట్టడాన్ని) అడ్డుకునే ప్రైవసీ సెట్టింగ్ ఆన్ చేసుకున్నవాళ్లకి ఎంత మంచి మానిటరైనా 60 అనే చూపిస్తుంది.

ఫ్రిస్కో_తెలుగు

మ్యాక్ వాడేవాళ్ల కోసం ఒక ముక్క. సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్‌లోకి వెళితే రిఫ్రెష్ రేట్ కనిపిస్తుంది. 2021 మ్యాక్‌బుక్ ప్రోల్లో హెచ్‌డీఎంఐ 2.0 పోర్టే ఉంది, 2023 వాటికి 2.1 వచ్చింది. పాతవాటికి హై రిఫ్రెష్ మానిటర్ కలపాలంటే యూఎస్‌బీ సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి నేరుగా వెళ్లే కేబుల్ మంచిది. చవక హబ్‌లు, అడాప్టర్లు మధ్యలో పెడితే వాటి పరిమితే చివరికి మనకి మిగులుతుంది, 4కే మానిటర్ పెట్టి 30 హెర్ట్జ్‌లో పనిచేస్తున్న కొలీగ్స్‌ని ఆఫీసులో రోజూ చూస్తున్నాను, స్క్రోల్ చేస్తుంటే అక్షరాలు గంతులేస్తాయి, వాళ్లేమో ల్యాప్‌టాప్ స్లో అయిపోయిందని అనుకుంటారు. చూస్తే బాధేస్తుంది.

రాయలసీమ_రిగ్

ఫొటోలు తీశాను అన్నా. ప్రతిదాంట్లోనూ నాలుగు గళ్లు తెల్లగా వచ్చాక ఒకటి ఖాళీ. ఫోన్ మార్చి తీసినా అదే వరుస.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్

అయితే లెక్క సరిగ్గా సరిపోయింది. 75లో ప్రతి ఐదోది పారేస్తే మిగిలేది 60. నీ ప్యానెల్ 60 దాటడం లేదు. ఆ కస్టమ్ రిజల్యూషన్ తీసేసి 60కే వచ్చెయ్, కుదుపు పోతుంది. కావాలంటే మధ్యలో 65, 70 పెట్టి మళ్లీ ఫొటో తీసి చూడొచ్చు గానీ ఇలా పద్ధతిగా పారేస్తున్న మానిటర్ దగ్గర పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

కాకినాడ_కుర్రాడు

అన్నలందరికీ చాలా థాంక్స్. డీపీ కేబుల్ పెట్టగానే లిస్టులో 165, 180 రెండూ వచ్చాయి. యాక్టివ్ సిగ్నల్ మోడ్‌లో 180, మానిటర్ మెనూలోనూ 180. పాత మానిటర్ తీసేసి ఫొటో కూడా తీశాను, గళ్లన్నీ వరుసగా ఆనుకునే ఉన్నాయి, ఎక్కడా ఖాళీ లేదు. వాపసు ఆలోచన మానేశాను.

ఒక్క సందేహం మిగిలింది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో బిట్ డెప్త్ (ఒక్కో రంగుకి ఎన్ని బిట్లో) 8 అని ఉంది, మానిటర్ స్పెసిఫికేషన్లో 10 బిట్ అని ఉంది. 180తో పాటు 10 బిట్ కూడా వస్తుందా, లేక రెండింట్లో ఒకటి వదులుకోవాలా?

ఓరుగల్లు_హార్డ్‌వేర్

డీపీ మీద వదులుకోనక్కర్లేదు. పిక్సెల్‌కి 30 బిట్లు వేసుకుని 180తో గుణిస్తే 19.9 గిగాబిట్లు, మధ్య ఖాళీ కలిపినా 1.4 ఇచ్చే 25.9లో పడుతుంది. అదే హెచ్‌డీఎంఐ 2.0 మీదైతే 144లో కూడా 10 బిట్ పట్టేది కాదు, ఆ లెక్క కూడా 15.9కే వస్తుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో ఛేంజ్ రిజల్యూషన్ పేజీకి వెళ్లు, కింద ఎన్‌విడియా కలర్ సెట్టింగ్స్ వాడు అన్నది ఎంచుకుంటే అవుట్‌పుట్ కలర్ డెప్త్ దగ్గర 10 బీపీసీ (ఒక్కో రంగుకి 10 బిట్లు) కనిపిస్తుంది. అప్లై కొట్టాక అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 180 అలాగే ఉందో లేదో ఇంకోసారి చూసుకో, పాత మానిటర్ కూడా తిరిగి కలిపాకే చూడు.