నేపియర్‌కి యూరియా వేస్తున్నా గడ్డి ఎదగట్లేదు, ఇంకా పెంచాలా?

లావేరు పాడిరైతు:
అందరికీ నమస్కారం. మాది ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల. 40 సెంట్లలో సూపర్ నేపియర్ పెట్టి ఏడాదిన్నర అయింది, రెండు ఆవులు, ఒక గేదె దాని మీదే ఉన్నాయి. మొదట్లో మనిషి ఎత్తు దాటేది, ఇప్పుడు 45 రోజులకి కూడా నడుం దాటట్లేదు, అడుగు ఆకులు పసుపెక్కిపోతున్నాయి. రోజూ గడ్డి కోసిన చెక్కకి (మడిలో ఆ ముక్కకి) ఆ రోజే యూరియా జల్లేస్తాను, మొత్తం ఒక చుట్టు కోత అయ్యేసరికి బస్తా అయిపోతోంది. బోరు మా అన్నదమ్ములు ముగ్గురికీ ఉమ్మడి, నా వంతు వారానికోసారి, వచ్చినప్పుడు మడి నిండా పెట్టేస్తాను. ఇంకో అర బస్తా పెంచమంటారా? ఎండలు ముదిరితే గొడ్లకి ఏం వేయాలో అని టెన్షన్‌గా ఉంది.

గజపతినగరం నుంచి:
బావు, పెంచకండి. 45 కిలోల బస్తాలో 20 కిలోల పైనే నత్రజని ఉంటుంది, అది ఒక కోతకి ఎకరానికి సరిపోతుంది, మీరు 40 సెంట్లకే వేస్తున్నారు. నేల మీద జల్లి నీళ్లు పెట్టకుండా వదిలేసిన యూరియాలో కొంత భాగం అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. మిగిలింది మీరు నిండా పెట్టిన నీళ్లతో పాటు ఇసుకలోంచి వేళ్లకి అందనంత లోతుకి దిగిపోతుంది. రోజూ జల్లడం మానేసి, ఆ వారంలో కోసిన చెక్కలన్నిటికీ కలిపి వంతు రోజునే వేసి వెంటనే పలచగా తడి పెట్టండి. వారానికి ఆరేడు సెంట్లు కోస్తారు కదా, దానికి మూడు కిలోలు చాలు, అది కూడా సగం అప్పుడు, సగం రెండు వారాలకి.

బొబ్బిలి నుంచి:
ఆకు ఒకసారి దగ్గరగా చూడండి. కొస నుంచి మధ్య ఈనె వెంట పసుపెక్కితే నత్రజని చాలలేదని, అంచులు మాడుతుంటే పొటాష్ లోపమని. ఇంత గడ్డి కోసి తీసుకెళ్తుంటే నేలలో పొటాష్ కూడా దానితోనే పోతుంది, యూరియా ఒక్కటే వేస్తే ఎలా? వానలకి ముందు వరుసల మధ్య గత్తం (పశువుల ఎరువు) వేయండి, ఇసుక నేలకి తడి నిలిపేది అదే. పాక కడిగిన నీళ్లు కూడా వృథా పోనీకుండా కాలువ తీసి గడ్డిలోకి మళ్లించండి, మేం అలాగే చేస్తున్నాం.

గరివిడి దగ్గర ఊరి నుంచి:
ఒక జాగ్రత్త చెప్తాను అన్నయ్యా. నీళ్లు అందక వాడిన గడ్డిలో యూరియా ఎక్కువైతే నైట్రేట్ పేరుకుంటుంది, అది గొడ్డుకి విషం. యూరియా వేసిన రెండు, మూడు వారాల దాకా ఆ చెక్క కోయకండి. వేసవికని జొన్న వేస్తే ఇంకా జాగ్రత్త, లేత చొప్పకి ఎద్దడి తగిలితే నాము (సైనైడ్ విషం) ఉంటుంది, పూత వచ్చాకే కోయాలి. కిందటేడు మా పెయ్య కట్టు తెంచుకుని వాడిన పిలకలు మేసి పడిపోయింది, డాక్టరు గారు వెంటనే వచ్చి సోడియం థయోసల్ఫేట్ ఇవ్వబట్టి బతికింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది.

లావేరు పాడిరైతు:
అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్నే చూశాను, కొస నుంచే పసుపు, అంచులు బాగానే ఉన్నాయి. అన్నలతో మాట్లాడాను, వారానికి ఒక రోజంతా బదులు నాకు మూడు, నాలుగు రోజులకి ఒక పూట ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఈ వంతు నుంచే యూరియా తూకం వేసి వేస్తాను, జొన్న మాత్రం ఈ ఏడాదికి వద్దనుకుంటున్నాను.